టైపు చేయడానికి మాత్రం కాదు

కీబోర్డు అంటే టైపు చేసుకునే వస్తువు అనుకునేవాళ్లు ఇంకా చాలామందే ఉన్నారు. షాపుకెళ్లి ఏదో ఒక ప్లాస్టిక్ కీబోర్డు కొనుక్కొచ్చి, కేబుల్ తగిలించి, ఆ పూటే పనిలో పడిపోతారు. చూస్తే జాలేస్తుంది. వేళ్లకూ కంప్యూటర్‌కూ మధ్య ఏళ్ల తరబడి సాగాల్సిన బంధాన్ని రెండు నిమిషాల్లో తేల్చేయడం ఏం మర్యాద?

అభిరుచి ఉన్నవాళ్లు కీబోర్డు కొనరు, కట్టుకుంటారు. కట్టుకోవడం అన్నాక కాంక్రీటుతోనే.

కాంక్రీటు బరువు కదా అని అమాయకులు అడుగుతుంటారు. నిజానికి ఒకే పరిమాణంలో తూచి చూస్తే అది అల్యూమినియం కన్నా కాస్త తేలికే. కాకపోతే అల్యూమినియం కేసును, అంటే కీలు కూర్చునే డొప్పను, పల్చగా చెక్కొచ్చు. కాంక్రీటును పల్చగా పోస్తే పగులుతుంది కాబట్టి మందంగా పోయాలి. మందంగా పోస్తే బరువవుతుంది. బరువుంటే టేబుల్ మీద నుంచి ఇంచు కూడా కదలదు. కదలని కీబోర్డు ఎంత గొప్పదో చెప్పడానికి ఈ రంగంలో పెద్దలు గంటల కొద్దీ వీడియోలు చేసి పెట్టారు.

పోసిన మర్నాటికే గట్టిపడింది కదా అని ప్రతి కీ కిందా ఉండే స్విచ్‌లు బిగించేస్తారా? తప్పు. కట్టడాలు కట్టేవాళ్లు కాంక్రీటు బలాన్ని 28 రోజులకు లెక్కగడతారు. కీబోర్డు ఇల్లూ వంతెనల కన్నా తక్కువదేం కాదు. తడిగుడ్డ కప్పి, ఆరకుండా చూసుకుంటూ ఆగాలి. కుండీలో మొక్కకు వారానికోసారైనా నీళ్లు పోయనివాళ్లు దీనికి పూటపూటా చిలకరించడం నేను కళ్లారా చూశాను. ఇంకో జాగ్రత్త. పచ్చి కాంక్రీటులో, స్విచ్‌లను పట్టి ఉంచే అల్యూమినియం ప్లేటును నేరుగా పెట్టకూడదు. సిమెంటులోని క్షారం దాన్ని కొరికి హైడ్రోజన్ బుడగలు వదులుతుంది. ఆఫీసు సామాన్లలో మండే వాయువు పుట్టించగలిగే ఘనత ఇంకే వస్తువుకూ దక్కలేదు.

కాంక్రీటు చేతగానివాళ్లకు వేరే దారులున్నాయి. కలప గాలిలో తేమను బట్టి ఉబ్బుతుంది, కుంచించుకుంటుంది. కాబట్టి స్పేస్ బార్ వాతావరణ సూచన కేంద్రంగా కూడా పనికొస్తుంది. మట్టితో చేస్తే బట్టీలో కాల్చాక కుంచించుకుపోతుంది. స్విచ్ కూర్చోవాల్సిన కన్ను సరిగ్గా 14 మిల్లీమీటర్ల చదరం ఉండాలి. బట్టీకి ఆ సంగతి తెలియదు. ఇక ఇత్తడి కీక్యాప్‌లు, అంటే కీల మీద వేలు ఆనే టోపీలు. బోలుగా కాకుండా నిండుగా పోత పోస్తే ఒక్కోటి పాతిక గ్రాముల దాకా తూగుతుంది. చెర్రీ కంపెనీ రెడ్ రకం స్విచ్ నొక్కుకోవడానికి కావాల్సింది 45 గ్రాముల బలం. అంటే సగం పని క్యాప్ బరువే చేసేస్తోంది. ఇంకాస్త లావుగా పోస్తే కీబోర్డు తనంతట తనే రాసుకుంటుంది. అప్పుడు రచయితలతో వచ్చే తలనొప్పులన్నీ తీరిపోతాయి.

ఇంత విప్లవంలోనూ ఎవరూ ముట్టుకోనిది ఒకటుంది, అక్షరాల వరుస. 1870లలో టైపు మిషన్ కోసం కుదిర్చిన క్వెర్టీ వరుస కాంక్రీటులోనూ చెక్కుచెదరకుండా అలాగే ఉంటుంది. ఒక కీకీ పక్క కీకీ మధ్య దూరం కూడా అదే 19.05 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. సంప్రదాయాన్ని గౌరవించడం తెలిసినవాళ్లం మనం.

అసలు విషయం శబ్దం. స్విచ్‌లన్నీ ఒక్కొక్కటిగా విప్పి, సన్నటి బ్రష్‌తో స్ప్రింగుకూ, నొక్కితే కిందికి దిగే స్టెమ్‌కూ గ్రీజు రాసి, మళ్లీ మూసి, చెవి దగ్గర పెట్టుకుని నొక్కి చూడాలి. 'టక్' అంటే నాసిరకం. 'ఠక్' అంటే ఫర్వాలేదు. 'థాక్' అంటే ధన్యులం. ఆ 'థాక్'ను మైకులో రికార్డు చేయడానికి వేళ్లకు పని కావాలి కాబట్టి అప్పుడు నాలుగు లైన్లు టైపు చేస్తారు. ఆ నాలుగు లైన్లలో ఏముందని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మిగతా రాతకోతలన్నీ ఫోన్‌లోనే.

వైరింగ్ గురించి రెండు ముక్కలు. ప్రతి స్విచ్‌కూ కరెంటును ఒకే వైపుకు పోనిచ్చే డయోడ్ ఒకటి సోల్డర్ చేయాలి. లేకపోతే మూడు కీలు కలిపి నొక్కినప్పుడు మీరు ముట్టుకోని నాలుగోది కూడా నొక్కినట్టు నమోదవుతుంది. దీన్ని ఘోస్టింగ్ అంటారు, భూతవైద్యులు అక్కర్లేదు. డయోడ్ తిరగేసి పెడితే మాత్రం ఆ కీ నోరు మూసుకుంటుంది.

ఈ మధ్య ఒకాయన ప్లేటును ఎపాక్సీ జిగురుతో కాంక్రీటుకు అతికించేశాక 'ఏ' కీ పనిచేయడం లేదని గమనించాడు. ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు కొట్టే మనిషి. 'అమ్మ' అని కొడితే 'మ్మ్' అని పడుతోంది. బాగుచేయాలంటే సుత్తి తప్ప మార్గం లేదు. ఆయన దాన్ని అలాగే ఉంచేశాడు. అక్షరం పడకపోతేనేం, ఆ కీ 'థాక్' మిగతా అన్నింటికన్నా బాగుందట.