సైకిలు హైవేకట, రొయ్యల వ్యాను కాలువ గట్టుకట!

పొద్దున్న ఆరున్నరకి జరిగింది. ఇప్పుడు పదకొండు దాటింది. ఇంకా చేతులు వణుకుతున్నాయి. భయంతో అనుకునేరు, కోపంతో.

కాలువ గట్టు మీద సైకిల్ తొక్కుకుంటూ వస్తున్నాను. నా మానాన నేను. వెనక నుంచి ఐసు నీళ్ళు కార్చుకుంటూ రొయ్యల వ్యాను. హారన్ కూడా మామూలుది కాదు, పెళ్ళి బస్సులకి పెట్టే పాట హారన్. గట్టు ఉన్నదే పది అడుగులు. ఒక పక్క కొబ్బరి తోట కంచె, ఇంకో పక్క కాలువ. నేనెక్కడికి పోను? కాలువ వైపు దిగాను. దిగాను అనేది మర్యాదకి, జారాను. మోకాలి దాకా బురద. ఎడమ కాలి చెప్పు గుర్రపుడెక్కలో పడి వెళ్ళిపోయింది. హ్యాండిల్ తుమ్మ మొక్కకి తగులుకోబట్టి సైకిలు మిగిలింది.

ఆ అబ్బాయి బండి ఆపాడండోయ్. మన గోదావరి వాళ్ళకి మర్యాద ఎక్కువ కదా, తోసేశాక కూడా పలకరిస్తాం. కిటికీలోంచి తల బయటపెట్టి, "దెబ్బేం తగల్లేదు కదక్కా? అయినా ఇక్కడెందుకండీ సైకిలు? సుబ్బరంగా హైవే వేసేరు గదా, అటెళ్ళి తొక్కుకోండి, ఆయ్" అన్నాడు.

ఇంకోసారి చదవండి. సైకిలు హైవే మీదకి వెళ్ళాలట. 216 మీద లారీకీ లారీకీ మధ్య నేను దూరుకుంటూ పోవాలి. రొయ్యలు మాత్రం కొబ్బరి చెట్ల నీడన చల్లగాలికి వెళ్ళాలి. చచ్చిపోయి ఐసులో ఉన్నా సరే, వాటి ఆరోగ్యం ముఖ్యం.

ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని ఫోన్ తీస్తే బావగారి ఫొటోలు! మా అక్కా వాళ్ళు ఇంగ్లండులో ఉంటారని మీకు తెలుసు. తెలియకపోతే ఆయనే చెబుతారు, అడగక్కర్లేదు. బ్రిస్టల్ నుంచి బాత్ అనే ఊరి దాకా సైకిల్ బాట మీద వెళ్ళొచ్చారట. 13 మైళ్ళు, అంటే 21 కిలోమీటర్లు. అది ఒకప్పటి రైలు కట్ట. రైళ్ళు ఆగిపోయి పట్టాలు తీసేశాక, 1979లో వాలంటీర్లు పలుగూ పారా పట్టుకుని కొంచెం కొంచెంగా బాట వేయడం మొదలుపెట్టారు. ఇప్పుడు కారు లేదు, స్కూటర్ లేదు, పిల్లలూ కుక్కలూ ముసలివాళ్ళూ హాయిగా పోతున్నారు. ఫొటోల కింద బావగారు, "మన దగ్గర ఇలాంటివి ఎప్పటికొస్తాయో!" అని నిట్టూర్పు. 147 లైకులు. అందులో ఒకటి మా అమ్మది.

బావగారూ, చూస్తున్నారని తెలుసు. మీరు పుట్టిన ఇంటికి వీధి గుమ్మం ఎటుందండీ? కాలువ వైపు కాదా? పదో క్లాసు దాకా మీరు తొక్కిందెక్కడ?

వాళ్ళకి పాత రైలు కట్ట దొరికితే మురిసిపోయారు. మనకి కట్టించిన బాటే ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది కదా, ఆ కాలువలు పొలాలకి నీళ్ళివ్వడానికే కాదు, పడవలు నడపడానికి కూడా తవ్వారు. గాలి లేనప్పుడు తెరచాప దింపేసి, మనుషులు గట్టు మీద నడుస్తూ తాడుతో పడవని లాగేవారు. గట్టు అంటే మనిషి కాళ్ళ కోసం వేసిన దారి. లాకు (పడవల్ని ఎక్కించి దించే తలుపుల కట్టడం) వచ్చిన చోట తప్ప ఎత్తూ పల్లం ఉండదు. గేర్ల సైకిలు కొన్నవాళ్ళు గేరు మార్చే అవసరం రాక బాధపడే ఊళ్ళు మనవి.

ఒక్కసారి ఊహించుకోండి. బొబ్బర్లంక దగ్గర ఎక్కుతాం. ఆత్రేయపురంలో ఆగి పూతరేకులు తింటాం (బెల్లంవే, పంచదారవి కాదు, ఈ విషయంలో నాతో వాదించొద్దు). లొల్ల లాకుల దగ్గర నీళ్ళ హోరు వింటూ చెట్టు కింద కాసేపు కూర్చుంటాం. అక్కడి నుంచి కాలువ వెంటే పి.గన్నవరం పాత అక్విడెక్టు (గోదావరి పాయ మీదుగా కాలువని దాటించే వంతెన) దాకా. అదే ఇంగ్లండులో ఉంటే అడుగడుక్కీ బోర్డు పెట్టి, మ్యాపు అచ్చేసి, బావగారికి నాలుగు వందల లైకులు తెప్పించేవారు. మనం ఏం పెట్టాం? చెత్త పెట్టాం. కోళ్ళ ఈకల బస్తాలు కూడా.

ఊరూరా కాటన్ దొర విగ్రహం పెడతాం, గుర్రం మీద. జయంతికి దండలేస్తాం. ఆయన ఆ గుర్రంతోనే ఒకసారి గట్టెక్కితే తెలుస్తుంది. పాట హారన్ కొట్టి, "దొరగారూ, హైవే ఉంది కదండీ" అని కాలువలోకి దింపుతారు.

గట్టు మీద రోడ్డే వద్దంటావా అని కామెంట్లు పెట్టేవాళ్ళకి ముందే చెబుతున్నాను. వద్దనలేదు. మా పేటకి 108 రావాలంటే గట్టే దారి. తారు రోడ్డు కావాలని ఇచ్చిన అర్జీ మీద నా సంతకం కూడా ఉంది. వేశారు, సంతోషం. తారు ఆరిందో లేదో చెరువులు తవ్విన మట్టి టిప్పర్లు దిగాయి. నాలుగు నిద్రగన్నేరు చెట్లు అడ్డమని కొట్టేశారు. మేం అంబులెన్సు అడిగితే టిప్పర్లు వచ్చాయి. పెద్ద బండ్లు రాకుండా రెండు సిమెంటు దిమ్మలు పాతించండి, అంబులెన్సు పట్టేంత సందు వదలండి అని అడిగితే, ఆ సందులో వ్యాను కూడా పడుతుంది కదమ్మా అన్నాడొక పెద్దమనిషి. ఎంత తెలివి! అందుకని ఏ దిమ్మా వద్దని తేల్చేశారు.

అన్నిటికన్నా మండేది ఇది కాదు. నేను హైస్కూలుకి నాలుగు కిలోమీటర్లు ఈ గట్టు మీదే వెళ్ళేదాన్ని. తొమ్మిది మంది ఆడపిల్లలం, తొమ్మిది సైకిళ్ళు. ఒకరి జడలు ఒకరు లాగుతూ, పాఠాలు అప్పజెప్పుకుంటూ, కొన్నిసార్లు చేతులొదిలేసి. ఎదురొస్తే పాల సైకిలు రావాలి, లేకపోతే కొబ్బరికాయలు కట్టుకున్న సైకిలు. మా నాన్న భయమల్లా మేం కాలువలో ఈదుతామేమోనని. ఇప్పుడు మా అమ్మాయి తొమ్మిదో తరగతి. దాని సైకిలు గొడ్ల సావిడిలో దుమ్ము కొట్టుకుని ఉంది. అది ఆటోలో వెళుతుంది, పదకొండు మందితో. సైకిలు మీద పంపను, ఏం చేస్తాను? ఈ రోజు నాకు జరిగింది దానికి జరిగితే?

రైలు కట్ట అనగానే ఇంకోటి గుర్తొచ్చింది, అది కూడా కక్కేస్తే గానీ అన్నం సహించదు. మనకీ పట్టాలు తీసేశారు బాబూ. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలొచ్చింది. 1940లో యుద్ధానికి ఇనుము కావాలని పట్టాలు పీక్కుపోయారు. బ్రిస్టల్లో పట్టాలు తీస్తే బాట మిగిలింది. మనకి ఎదురుచూపు మిగిలింది, 2004 దాకా. లెక్కేసుకోండి, 64 ఏళ్ళు. ఇక కోటిపల్లి నుంచి నరసాపురం లైను 2000-01లో మంజూరైంది. అప్పుడు మా తాతయ్య, "అమలాపురంలో రైలెక్కి తిరుపతి పోతానే" అనేవాడు. పోయాడు, రైలెక్కకుండానే. గౌతమి పాయలో రైలు వంతెన స్తంభాలు నిలబడి ఉన్నాయి, కొంగలు వాలుతున్నాయి. మేం మాత్రం ఇప్పటికీ సైకిల్ని పంటు (రేవు దాటించే పెద్ద పడవ) ఎక్కించి ముక్తేశ్వరం రేవులో దిగుతున్నాం. అక్క పెళ్ళిలో, "మీ ఊరికి రైలైనా లేదేంటండీ" అని అందరి ముందూ నవ్విందెవరు? బావగారే. ఆయన ఊరికేదో రాజధాని ఎక్స్‌ప్రెస్ ఆగుతున్నట్టు!

2008లో కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా కాలువల్ని జాతీయ జలమార్గంలో కలిపారు కూడా. దాని గురించి ఇప్పుడు మొదలుపెడితే బీపీ పెరుగుతుంది, ఇంకో రోజు.

రేపు పొద్దున్న ఆరున్నరకి మళ్ళీ గట్టు మీదే వెళతాను. హైవేకి వెళ్ళను, ఆయ్. మీలో ఎవరైనా వస్తానంటే రండి, నలుగురం అడ్డంగా తొక్కుదాం, పాట హారన్ పూర్తిగా విందాం.

దిగువ ఊళ్ళ వాళ్ళెవరికైనా లాకు దగ్గర గుర్రపుడెక్కలో చిక్కుకుని చెప్పు కనిపిస్తే చెప్పండి. ఎడమ కాలిది, నీలం రంగు, పోయిన వారమే కొన్నాను.