సవరణ: జైపూర్‌లో పొంగింది ట్యాంకు కాదు

కొండపల్లి వైపు కనిపించే చమురు ట్యాంకుల భద్రత గురించి విజయవాడ పాఠకుల కోసం రాసిన గత పోస్టులో, ట్యాంకు నిండి పొంగిన ప్రమాదాలకు ఉదాహరణగా 2009 జైపూర్ అగ్నిప్రమాదం ఉంది. దాన్ని తొలగించాను. ఆ ఏడాది అక్టోబరు 29న జైపూర్‌లోని సీతాపురా చమురు డిపోలో, పక్క టెర్మినల్‌కు పెట్రోలు పంపేందుకు సిద్ధమవుతుండగా వాల్వు దగ్గర లీకైంది.

సరైన ఉదాహరణ ఇంగ్లండులోని బన్స్‌ఫీల్డ్ చమురు డిపోలో 2005 డిసెంబరు 11న జరిగిన ప్రమాదం. అక్కడ మట్టం చూపే గేజి ఇరుక్కుపోయింది. పెట్రోలు వస్తూనే ఉన్నా తెరమీద మట్టం కదలలేదు. అలారాలు కూడా ఆ గేజినే నమ్ముకున్నవి కాబట్టి మోగలేదు. విడిగా అమర్చిన హై లెవెల్ స్విచ్చి (మట్టం హద్దు దాటితే పెట్రోలు రాకను ఆపేది) చివరి రక్షణ. దాని పరీక్ష మీటను సరైన స్థానంలో నిలిపే తాళంకప్ప వేయకపోవడంతో అదీ పనిచేయలేదు. ఇంత చిన్న వస్తువు!

అందుకే ‘అలారం ఉంటే చాలు’ అన్న పాత వాక్యాన్ని ఇలా చదువుకోండి: గేజితో సంబంధం లేని మరో సెన్సరు, దానికి వేరే వైరింగు, క్రమం తప్పని పరీక్ష ఉండాలి.

అలారం ఎత్తుకు అన్ని ట్యాంకులకూ పనికొచ్చే శాతం ఏదీ లేదు. గంటకు 600 కిలోలీటర్లు వస్తూ, సిబ్బంది స్పందించి ఆపేందుకు 15 నిమిషాలు పడితే, అలారం మోగాక కనీసం 150 కిలోలీటర్ల ఖాళీ మిగలాలి. వాల్వును ఠక్కున మూసేస్తే సరిపోదా అంటే, పొడవైన పైపులైనులో ఒత్తిడి ఒక్కసారిగా ఎగసిపడుతుంది. మూసే వేగాన్నీ లెక్కగట్టాలి.