ఆగని పంపు

పోటు సమయంలో ఉప్పునీరు వశిష్ఠ గోదావరిలోకి ఎగదన్నే నర్సాపురం దిగువన పడవ ఉన్నవారెవరూ రాగి తీగను నమ్మరు. అతుకు దగ్గర చిలుము పట్టిందంటే, అడుగునీరు తోడే పంపు సరిగ్గా అవసరమైన రాత్రే మొరాయిస్తుంది. అందుకే లంకలోని కొబ్బరితోటకు తిరిగే మా ఇంజను పడవకు, ఎవరు ఆపినా ఆగని పంపు కావాలని ఎలక్ట్రీషియనుకు పురమాయించాను. ఆయన ఇంజను తాళంతో నిమిత్తం లేకుండా 12 వోల్టుల బ్యాటరీ నుంచే నేరుగా లైను లాగి, ఒకటి చచ్చినా మరొకటి అందుకొనేలా డయోడ్లతో రెండో బ్యాటరీ కలిపి, దేని పక్కన దానికి ఫ్యూజు పెట్టి, నీరు పెరగగానే తేలి పంపును నడిపించే ఫ్లోట్ స్విచ్చి బిగించాడు. చేత్తో ఆపే స్విచ్చి మాత్రం పెట్టలేదు. ఉప్పుగాలికి ముందు పోయేది అదేనట.

ఆదివారం ఉదయం మా పెదమావయ్యగారు గంజిపెట్టిన పంచె, జరీ కండువాతో తోట చూడ్డానికి రేవుకు వచ్చారు. ఆయన భారీ మనిషి. కుడికాలు పడవ వెనకభాగంలో మోపగానే పడవ అటు ఒరిగింది, అడుగున ఊరిన నీరంతా అటే చేరింది, ఫ్లోటు లేచింది, గంటకు 500 గ్యాలన్లని డబ్బా మీద రాసి ఉన్న ఆ పంపు, అంటే నిమిషానికి దాదాపు 30 లీటర్లు, ఇంజను నూనె కలిసిన నల్లటి నీటిని ఇంకా మెట్టు మీదే ఉన్న ఆయన ఎడమ మోకాలికి గురిచూసి కొట్టింది. ఆయన ఉలిక్కిపడి కాలు తీశారు. పడవ సర్దుకుంది, పంపు ఆగింది. "ఏంటల్లుడుగారూ ఇది?" అంటూ మళ్ళీ మోపారు, మళ్ళీ మొదలైంది. రేవులో అంతమంది ఎక్కి దిగుతుండగా, ఈ పంపు ముంపు ప్రమాదంగా గుర్తించింది మా మావయ్యగారిని ఒక్కరినే.

నేను పరుగున వెళ్ళి ఫ్యూజు పీకాను. రెండో బ్యాటరీ రెప్పపాటు కూడా ఆలస్యం చేయక బాధ్యత స్వీకరించింది. దాని ఫ్యూజు మావయ్యగారు కాలు మోపిన పలక కిందే ఉంది. ఆయనేమో కోపంతో ఆ కాలు ఇక తీయనని భీష్మించుకున్నారు. పెద్దవారి పాదం పట్టుకుని లేపడం ఎలాగో తెలియక, చెయ్యి చాపి కండువా ఒక్కటి కాపాడాను.

సాయంత్రం ఎలక్ట్రీషియను తాపీగా వచ్చి, "ఆయ్, ఎవరాపినా ఆగకూడదన్నది తమరే కదండీ" అన్నాడు. ఆపే స్విచ్చి రేపు పెడతాడట. దానికి కూలి వేరేనట.