నయీంనగర్ నాలా గారికి ఒక మనవి

అయ్యా నాలా గారూ,

హన్మకొండలో మీ పేరు వాసనకో, వరదకో తప్ప ఎవరికీ గుర్తు రాదు. 2020 ఆగస్టులో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు మీ ఒడ్డుకు రాని నాయకుడు లేడు. మీ లోతు, వెడల్పు కొలిచారు గానీ మీలో ఏం పారుతుందని అడిగినట్టు నాకైతే గుర్తులేదు.

ఇప్పుడు అది అడిగే చదువు వచ్చింది. మురుగునీళ్లు సీసాలో పట్టి, ఐస్ పెట్టెలో ల్యాబుకు పంపి, వడగట్టి, అందులోని డీఎన్‌ఏ అంతా ఒకేసారి చదువుతారట. ఏ బ్యాక్టీరియా ఉంది, ఏ యాంటీబయాటిక్‌ను తట్టుకునే జన్యువు ఉంది, అన్నీ బయటపడతాయి. కరోనా కాలంలో హైదరాబాద్‌లో సీసీఎంబీ, ఐఐసీటీ అనే పరిశోధన సంస్థల వాళ్లు మురుగులో ఆ ఒక్క వైరస్ జాడ వెతికి, 6 లక్షల పైచిలుకు మందికి సోకి ఉంటుందని అంచనా కట్టారు. మీ దగ్గరైతే ఒక్కదాంతో ఆగరు.

అందుకే మాకు టెన్షన్. జలుబు చేస్తే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ మింగుతాం. అది వైరస్‌ను ముట్టుకోదని ఎవరైనా అంటే "మాకైతే తగ్గింది" అంటాం. మూడో రోజుకు బాగైతే మిగిలిన గోళీలు ఫ్రిజ్ మీద దాచి పక్కింటి వదినకు దానం చేస్తాం. 2014 నుంచి కొన్ని యాంటీబయాటిక్స్ అమ్మితే రోగి పేరు, రాసిన డాక్టర్ పేరు రిజిస్టర్‌లో ఎక్కించాలన్న రూలుంది. మన గల్లీ మందుల షాపులో ఆ రిజిస్టర్ ఎంత శుభ్రంగా ఉంటుందో! ఒక్క మరక ఉండదు, సిరా మరక కూడా.

ఇలా మింగితే మందుకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది, ఆ లెక్కంతా మీ దగ్గరికే వస్తుంది. దవాఖాన మోరీ, కోళ్ల ఫారం నీళ్లు, మా బాత్రూం, అన్నీ మీలోనే కలుస్తాయి. బ్యాక్టీరియాలు సంబంధం కలుపుకోవడానికి కులగోత్రాలు చూసుకోవు కదా, ఒక జాతిది ఇంకో జాతికి జన్యువు ఇచ్చేస్తుంది. కోళ్ల దాణాలో, కోళ్ల వైద్యంలో కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్ వాడొద్దని 2019లోనే నిషేధించారు. ఎందుకంటే మనుషులకు ఏ మందూ పనిచేయనప్పుడు చివరికి వాడే మందుల్లో అదొకటి.

అయినా మా వకీలు పాయింట్లు సిద్ధం చేసుకున్నాం. చచ్చిన బ్యాక్టీరియా జన్యువు కూడా రిపోర్టులో కనిపిస్తుంది, బతికున్నదో లేదో తేలాలంటే ల్యాబులో పెంచి చూడాలి. పొద్దున పట్టిన సీసాకు, రాత్రి పట్టిన సీసాకు పొంతన ఉండదు. పైగా మన ఊళ్లో చాలా ఇళ్లకు సెప్టిక్ ట్యాంకే, కాబట్టి మీ దాకా రాని లెక్కా బోలెడుంది. అన్నిటికంటే గట్టి పాయింట్, ఏ జన్యువు ఏ ఇంటిదో మీరు చెప్పలేరు. అంటే తప్పు ఊరందరిది, నాది కాదు.

చివరగా ఒక్క సాయం. సీసాలు పట్టుకొని యూనివర్సిటీ పిల్లలు వస్తే ఎండాకాలంలో వద్దని చెప్పండి. వానలు దంచికొట్టి, వడ్డేపల్లి చెరువు మత్తడి దూకే రోజున రమ్మనండి. ఆ నీళ్లలో కలిస్తే మాకు అన్నీ తక్కువే వస్తాయి.

ఇట్లు,
మీ ఒడ్డు కాలనీవాసి