మా పీఎఫ్ మాకివ్వడానికి ఇంత కాలమా?

జీపీఎఫ్, అంటే మా ప్రభుత్వోద్యోగుల భవిష్య నిధి, ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదండీ. నెలనెలా మా జీతంలోంచి కోసి దాచిన మా సొంత డబ్బు. అమ్మాయి పెళ్లికని అందులోంచి అడ్వాన్సుకి పెట్టుకున్నా. మంజూరైంది, బిల్లూ వెళ్లింది. ఫోన్లో చూస్తే ఇప్పటికీ పెండింగే. కావలిలో కల్యాణ మండపం వాళ్లు, వంటవాళ్లు బయానా అడుగుతుంటే, ఖజానాలో నిధుల్లేవని చెప్తే వింటారా? చివరికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చా. నా డబ్బు వాళ్ల దగ్గర, వడ్డీ నా నెత్తిన!

రాష్ట్రానికి చేతిలో నగదు చాలకపోతే రిజర్వు బ్యాంకు దగ్గర వేస్ అండ్ మీన్స్ అడ్వాన్సు అనే తాత్కాలిక అప్పు ఉంది. అదీ దాటితే ఓవర్‌డ్రాఫ్టు ఉంది. మంగళవారం వేలంలో బాండ్లు పెట్టి అప్పు తెచ్చుకోవచ్చు. మరి మాకేముంది? 2020లో కరోనా అని మన ఏపీ ప్రభుత్వం జీతాలు, పెన్షన్లలో కొంత ఆపింది. కోర్టుకెళ్తే, 2021లో సుప్రీంకోర్టు 6 శాతం వడ్డీతో కట్టమంది. డీఏ బకాయిలకీ, వాడుకోని సెలవులకి బదులిచ్చే సరెండర్ లీవు డబ్బులకీ ఆ న్యాయం ఎందుకు పనికిరాదు?

పైగా వీధిలో అందరూ “మీకేం సార్, గవర్నమెంటు ఉద్యోగం” అంటారు. రిటైరైన మా హెడ్మాస్టరుగారు గుండె ఆపరేషను ఖర్చుల రీయింబర్స్‌మెంటు కోసం, ప్లాస్టిక్ కవర్లో డిశ్చార్జి కాగితాలు పట్టుకుని ఇంకా తిరుగుతూనే ఉన్నారు. డెబ్బై దాటిన మనిషి. ముందు ఆయన బిల్లు వేయండి, నాది తర్వాత చూడొచ్చు.