కాలిఫోర్నియా పర్యావరణ చట్టానికి ఒక కాలుష్యం తండ్రి రాయునది

మహారాజశ్రీ సీక్వా (కాలిఫోర్నియా పర్యావరణ చట్టం, CEQA) గారికి,

ఫ్రీమాంట్ నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ అందరం క్షేమం. మా అమ్మాయి కాలుష్యమని మాత్రం మీ వల్లే తెలిసింది.

1970లో రీగన్ గవర్నరుగా సంతకం పెట్టినప్పుడు మీరెంత బుద్ధిమంతులో! సర్కారు ఏదైనా తలపెట్టే ముందు గాలికీ నీటికీ పిట్టకీ ఏమవుతుందో రాసి చూపించమన్నారు. మంచి మాట. తర్వాతే మీకు సొంతిళ్ల వాళ్లతో స్నేహం కుదిరింది. బర్కిలీ యూనివర్సిటీ పిల్లల్ని మరీ ఎక్కువగా చేర్చుకుంటోందని, దానివల్ల పర్యావరణానికి కలిగే హాని చూడలేదని, ఆ ఊరి ఇరుగుపొరుగు సంఘం మిమ్మల్ని వెంటబెట్టుకుని కోర్టుకెక్కింది. 2021 ఆగస్టులో జడ్జి గారు 42,347 మందికి మించొద్దన్నారు. 2022 మార్చి 3న రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా ఆ తీర్పును ఆపనంది. 3,050 సీట్లు కోయాలని యూనివర్సిటీ లెక్క తేల్చింది.

ఆ రాత్రి, బర్కిలీలో సీటు కోసం ఎదురుచూస్తున్న మా అమ్మాయి పళ్లెంలో పప్పన్నం చల్లారిపోయింది. ఎడంచేత్తో ఫోన్ రీఫ్రెష్ చేస్తూనే ఉంది. తెనాలి నుంచి వీడియో కాల్‌లో ఉన్న మా అమ్మకు సంగతి చెప్పాను.

"పర్యావరణమంటే చెట్లూ చేమలూ కదరా? ఇది ఏ చెట్టు కొట్టిందీ?" అంది.

నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గరుంటే రాయండి.

పదకొండు రోజుల్లో శాసనసభ్యులు, ఒక్క వ్యతిరేక ఓటు లేకుండా, పిల్లల సంఖ్య పెరగడం ఒక్కటే మీ పరిధిలోకి రాదని తేల్చేశారు. మా ఇంట్లో టెన్షన్ తగ్గింది.

యూనివర్సిటీ తప్పు లేదనను. 2020 నాటికి 33,450 మంది ఉంటారని 2005లో ప్లాన్ రాసుకుని, నలభై వేలు దాటించింది. మంచాలు మాత్రం ఆ లెక్కన పెరగలేదు. సరే, హాస్టల్ కడదామంటే మళ్లీ మీరే! యూనివర్సిటీ స్థలమైన పీపుల్స్ పార్క్‌లో దాదాపు 1,100 మందికి గదులు కడతామంటే, పిల్లల గోల సంగతి పరిశీలించలేదని 2023 ఫిబ్రవరిలో అప్పీలు కోర్టు అడ్డం కొట్టింది. ఇళ్లలో ఉండే మనుషుల చప్పుడు పర్యావరణానికి హాని కాదని ఆ ఏడే ఇంకో చట్టం చెయ్యాల్సొచ్చింది. (నవ్వకండి, నిజంగానే చేశారు.) ఈలోగా గది దొరకని పిల్లలు 880 హైవే మీద కార్లేసుకుని వెళ్లొస్తారు. ఆ పొగకు రిపోర్టు ఎవరు రాస్తారండీ?

ఇట్లు,
ఒక కాలుష్యం తండ్రి

తా.క.: మా అమ్మాయి ఫోన్‌లో కొంచెం గట్టిగా నవ్వుతుంది. రాత్రి పది దాటాక ఆపమని చెప్పాం.