చెట్టు జీనుకి ఉద్దానం నుంచి ఉత్తరం

దొరవారు ట్రీ శాడిల్ గారి సముఖానికి,

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలం నుంచి కొబ్బరి దింపు కార్మికుడు మొక్కి రాసుకునే మనవి.

మా కామందుగారి అబ్బాయి అమెరికా నుంచి వస్తూ తమర్ని సంచీలో వెంటబెట్టుకొచ్చాడు. అక్కడ జింకల వేటకెళ్తే చెట్టు మీద తమరి ఒళ్లోనే కూర్చుంటాడట. పెరట్లో మామిడికి కట్టి చూపించాడు. ఆ రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు.

ఏం వైభోగమండీ! పిర్రల కింద పట్టీ, మోకాళ్లకి మెత్తలు, పాదాలకి పలక. ఎక్కేటప్పుడు చెట్టు చుట్టూ తిప్పిన తాడొకటి. పైకి చేరాక నుదుటి ఎత్తున ఇంకోటి. అది బిగిశాకే మొదటిది విప్పాలట. నేల విడిచింది మొదలు మళ్లీ నేల తాకేదాకా ఏదో ఒక తాడు మనిషిని పట్టుకునే ఉండాలి. అదీ వదులుగా ఉండకూడదు, కొంచెం జారినా కుదుపు గట్టిగా తగులుతుందట. తుంటి నొక్కుతోందా? ముందున్న తాడు పొడుగో పొట్టో చేసుకోవాలి, పట్టీ కాస్త జరుపుకోవాలి. కాసేపు కూర్చోవాలి, కాసేపు మోకాళ్లు మానుకి ఆన్చి వాలాలి. విల్లు కూడా మోయడు మా బాబు, పైకెళ్లాక సన్నతాడుతో లాక్కుంటాడు. ఇదంతా ముందు ఇంటి దగ్గర, నేలకి మూరెడెత్తులో నేర్చుకోవాలట.

ఇంతా చేసి పైన ఆయన చేసే పని? కూర్చోవడం. జింక రాకపోతే చీకటి పడ్డాక దిగిపోవడం.

నా సరంజామా కూడా విన్నవిస్తాను: కాళ్లకి తాడు బంధం, నడుముకి కత్తి. చెట్టు యాభై, అరవై అడుగులు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పడుకోబెట్టగా మిగిలినవాటిలో గాలికి ఊగనిది ఏదో నాకు తెలీదు. కూలి చెట్టు లెక్కన. తాడు కట్టుకుని, విప్పుకుని కూర్చుంటే ఆ నిమిషాలు నా బువ్వలోంచే పోతాయి. పైగా మావోళ్లు ఊరుకుంటారా? మొన్న తమర్ని ఓసారి నడుముకి చుట్టుకుంటే, ‘ఏటిరా, ఉయ్యాలేటి కట్టించుకున్నావు?’ అని చెరువుగట్టు దాకా నవ్వారు.

పోనీ తమరికి ఇక్కడే కొలువు చూద్దామంటే, 1972 నాటి వన్యప్రాణుల రక్షణ చట్టం ఉంది, దుప్పి మీద చెయ్యేస్తే జైలే. జీడితోటల్లోకి ఎలుగులొస్తాయి కదా, వాటికి అందకుండా తమరి మీద కూర్చుందామా అనుకున్నాను. ఎలుగు చెట్టెక్కుతుందండీ. దానికి పట్టీ అక్కర్లేదు, మెత్తలూ అక్కర్లేదు.

అబ్బాయి మళ్లీ వచ్చేదాకా తమరు మా చూరుకే వేలాడండి. మెత్తలు మా ఆవిడ పీట మీద వేసుకుంది. ఆ నుదుటి తాడొకటి మాత్రం రేపు తెల్లారకుండా, ఎవరూ లేవకముందే, తోటకి పట్టుకెళ్తున్నాను. మావోళ్లకి చెప్పకండి.

ఇట్లు,
తమరి కంటే పొడుగు చెట్లెక్కేవాడు